సముద్ర రాక్షసులు, లోతుల్లోని వింత జీవులు: తరచుగా అడిగే ప్రశ్నలు

సముద్ర రాక్షసుల గురించి మాటిమాటికీ వచ్చే ప్రశ్నలు ఇవి. కొన్నింటికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేయొచ్చు. కొన్నింటికి మాత్రం సొరచేప ఎలా కుళ్లుతుందన్న దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

క్రాకెన్ నిజంగా ఉందా?

కథలో చెప్పినంత పెద్దది లేదు. ఆ కథకు ప్రాణం పోసిన జంతువు మాత్రం ఉంది. నార్వే జాలర్ల నోళ్లలో నానుతున్న క్రాకెన్ అనే సముద్ర రాక్షసిని బెర్గెన్ బిషప్ ఎరిక్ పొంటోపిడాన్ 1750లలో పుస్తకానికెక్కించాడు. ఆయన రాతల్లో దాని వీపు చుట్టుకొలతే మైలున్నర. వందేళ్ల తర్వాత, 1857లో, డెన్మార్క్ శాస్త్రవేత్త జాపెటస్ స్టీన్‌స్ట్రప్ తీరానికి కొట్టుకొచ్చిన ఒక జీవి దవడను ముందుపెట్టుకుని ఇది రాక్షసి కాదు, ఆక్టోపస్‌కు చుట్టమైన స్క్విడ్ అని తేల్చాడు. చిలక ముక్కులా వంగి ఉండే ఆ దవడ చిన్న స్క్విడ్లకూ ఉంటుంది, ఇది పెద్దదంతే. ఆర్కిట్యూథిస్ అని పేరు పెట్టింది ఆయనే. మామూలుగా జెయింట్ స్క్విడ్ అంటున్నది దాన్నే.

1861లో కనరీ దీవుల దగ్గర అలెక్టన్ అనే ఫ్రెంచి నౌకకు ఇలాంటిదే నీటి పైన ఎదురైంది. నావికులు ఉచ్చు వేసి లాగారు. తాడు ఆ మెత్తటి ఒంట్లోకి దిగి కోసేసింది. తోక ముక్క ఓడ మీదికొచ్చింది, మిగతాదంతా నీళ్లలోకి జారిపోయింది. ఈ జంతువు చరిత్రలో చాలాభాగం ఇలాగే, ఎప్పుడూ ఏదో ఒక ముక్కే దొరుకుతూ నడిచింది. 1870లలో న్యూఫౌండ్‌లాండ్‌లో మోజెస్ హార్వే అనే మతాచార్యుడు జాలర్ల దగ్గర ఒకటి సంపాదించి, స్నానపు తొట్టి మీది పరదా కడ్డీకి దాని తలను, చేతులను వేలాడదీసి ఫొటో తీయించాడు.

దాని పొడవు ఒకచోట 18 మీటర్లు, ఇంకోచోట 13 అని ఉంటుంది. ఏది నమ్మాలి?

13 దగ్గర ఆగండి. జెయింట్ స్క్విడ్‌కు ఎనిమిది చేతులు, వాటికి తోడు ఎరను పట్టే రెండు పొడవాటి టెంటకిల్స్ ఉంటాయి. మొత్తం పొడవులో సగానికి పైగా ఆ రెండింటిదే. అసలు మొండెం 2 మీటర్లు, మహా అయితే ఇంకాస్త. చచ్చిన స్క్విడ్ టెంటకిల్ రబ్బరు పట్టీలా సాగుతుంది. ఒడ్డున పడ్డదాన్ని చెరోవైపు పట్టుకుని లాగి కొలిస్తే ఎంతైనా వస్తుంది, పాత కొలతల్లో కొన్ని అలా వచ్చినవే. అందుకే ఇప్పుడు కొలిచేటప్పుడు మొండెం పొడవును విడిగా రాస్తారు, ఎందుకంటే అది సాగదు.

స్క్విడ్లను తినే స్పెర్మ్ తిమింగిలాల చర్మం మీద కనిపించే గుండ్రటి మచ్చల్ని చూపించి ఇంకా పెద్ద స్క్విడ్లు ఉన్నాయని వాదించేవాళ్లున్నారు. స్క్విడ్ చేతుల మీద ఎరకు అంటుకుని పట్టే గుల్లలుంటాయి, వాటి అంచుకు పళ్లున్న చక్రం ఉంటుంది, మచ్చ పడేది దానివల్లే. కానీ ఆ గుల్ల వ్యాసం ఎక్కువలో ఎక్కువ 5 సెంటీమీటర్లు. తిమింగిలం పిల్లగా ఉన్నప్పుడు పడ్డ మచ్చ తిమింగిలంతో పాటే పెరుగుతుంది. కాబట్టి మచ్చ సైజు చూసి స్క్విడ్ సైజు చెప్పలేం.

అంత పెద్ద జంతువు ప్రాణంతో ఇన్నేళ్లు ఎవరికీ ఎందుకు కనపడలేదు?

వెతికిన తీరులోనే తప్పుంది. జలాంతర్వాహనాలు మోటారు మోతతో, తెల్లటి దీపాలతో దిగేవి. ఆ చీకట్లో పళ్లెమంత కన్నుతో బతికే జంతువు (దాని కంటి వ్యాసం 27 సెంటీమీటర్ల దాకా ఉంటుంది) వాటిని ఎంతో దూరం నుంచే పసిగట్టి తప్పుకుంటుంది.

2004లో జపాన్‌కు చెందిన త్సునెమి కుబొదెరా, క్యోయిచి మోరి ఓగసవారా దీవుల దగ్గర స్పెర్మ్ తిమింగిలాలు మేసే చోటు చూసుకుని, ఎర కట్టిన గాలం తాడుకు కెమెరా తగిలించి 900 మీటర్ల లోతుకు దించారు. కెమెరా 30 సెకన్లకో ఫొటో తీస్తుంది. గాలానికి చిక్కుకున్న స్క్విడ్ నాలుగు గంటలకు పైగా పెనుగులాడి, 5.5 మీటర్ల టెంటకిల్ ముక్క వదిలేసి పోయింది. ప్రాణంతో ఉన్న జెయింట్ స్క్విడ్‌కు దాని చోటులోనే తీసిన మొదటి ఫొటోలు అవే.

2012లో వీడియో దొరకడానికి కారణం సముద్ర శాస్త్రవేత్త ఎడిత్ విడ్డర్ వాడిన రెండు ఉపాయాలు. ఒకటి, లోతు జీవులు చాలావాటికి కనిపించని ఎర్రటి కాంతి. రెండోది, జెల్లీఫిష్ కష్టంలో ఉన్నప్పుడు వెలిగించే నీలి కాంతి చక్రాన్ని అనుకరించే దీపం. స్క్విడ్ జెల్లీఫిష్ కోసం రాదు, ఆ జెల్లీఫిష్‌ను తింటున్నది ఏదో దాని కోసం వస్తుంది. అదే పద్ధతిలో 2019లో మెక్సికో సింధుశాఖలో 759 మీటర్ల లోతున మళ్లీ ఒకటి కెమెరాకు దొరికింది.

కొలోసల్ స్క్విడ్ అన్నా అదేనా?

కాదు, వేరే జాతి. పొడవులో జెయింట్ స్క్విడ్‌కు తీసిపోవచ్చు, బరువులో మించిపోతుంది. 1925లో స్పెర్మ్ తిమింగిలం పొట్టలో దొరికిన చేతుల ఆధారంగా దీన్ని వర్ణించారు. 2007లో అంటార్కిటికా పక్కన రాస్ సముద్రంలో న్యూజిలాండ్ పడవకు దొరికింది 495 కిలోలు తూగింది, ఇప్పుడు వెల్లింగ్టన్‌లోని తె పాపా మ్యూజియంలో ఉంది. చేతుల మీద గుల్లలతో పాటు కొక్కేలు ఉంటాయి. దాని చోటులోనే ప్రాణంతో మొదటిసారి కెమెరాకు దొరికింది మాత్రం 2025 మార్చిలో, సౌత్ శాండ్‌విచ్ దీవుల దగ్గర 600 మీటర్ల లోతున. అది 30 సెంటీమీటర్ల పిల్ల, గాజు బొమ్మలా పారదర్శకంగా ఉంది.

సముద్ర సర్పాన్ని నౌకాదళ అధికారులే చూశారంటారు కదా?

చూశారు. 1848 ఆగస్టు 6న గుడ్ హోప్ అగ్రానికి, సెయింట్ హెలెనాకు మధ్య బ్రిటిష్ యుద్ధనౌక డీడలస్ కెప్టెన్, అధికారులు కలిసి చూశారు. తల నీటి పైకి నాలుగడుగులు, కనిపించిన ఒళ్లు అరవై అడుగులు అని నివేదిక. వాళ్లు అబద్ధమాడారని అనుకోనక్కర్లేదు. ఆనాటి జంతుశాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ దాన్ని పెద్ద సీల్ అన్నాడు. నోరు తెరిచి నీటి పైపైన ఈదుతూ మేసే సేయ్ తిమింగిలం అయి ఉంటుందని ఈమధ్య వచ్చిన వివరణ ఇంకా బాగా అతుకుతుంది.

తంటా ఎక్కడంటే దూరంలో. సముద్రం మీద చెట్టూ ఇల్లూ ఉండవు, కంటికి పోల్చుకోవడానికి ఏమీ దొరకదు. చేయి బారజాపితే చిటికెన వేలి వెడల్పు సుమారు ఒక డిగ్రీ. ఆ వేలి వెనక సరిగ్గా దాగే వస్తువు 500 మీటర్ల దూరంలో ఉంటే 8.7 మీటర్లు, కిలోమీటరు దూరంలో ఉంటే 17.5 మీటర్లు. దూరం అంచనా రెండింతలు తప్పితే జంతువూ రెండింతలవుతుంది. ఎనిమిది మీటర్ల జంతువు పదిహేడు మీటర్ల రాక్షసి కావడానికి అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

దీనికి ఎండమావులు తోడు. చల్లటి నీటి మీద వెచ్చటి గాలి పరుచుకున్నప్పుడు వెలుగు కిందికి వంగి, నీటి మీద కాస్త పైకి తేలిన వాల్రస్ తలో రాయో నిలువు స్తంభంలా సాగి కనిపిస్తుంది. పాత నార్స్ (స్కాండినేవియా) రాతల్లోని సముద్ర మనిషి రూపం ఇలాంటి ఎండమావే అయి ఉంటుందని 1981లో ఇద్దరు పరిశోధకులు లెక్కలు కట్టి చూపించారు.

ఒక వరుసలో ఈదే డాల్ఫిన్లు పాము మెలికల్లా కనిపించడం అందరికీ తెలిసిందే, దాని గురించి మళ్లీ చెప్పనక్కర్లేదు.

నోరు తెరుచుకుని చేపల్ని రప్పించుకునే రాక్షసి కథ ఉంది. అదీ కల్పనేనా?

ఇది మాకు ఇష్టమైన ప్రశ్న. 13వ శతాబ్దపు నార్స్ రాతల్లో హాఫ్‌గూఫా అనే జీవి ఉంటుంది. నోరు బార్లా తెరిచి కదలకుండా ఉంటుంది, చేపలు వాటంతటవే లోపలికి పోతాయి, అప్పుడు మూసేస్తుంది. చాలాకాలం దీన్ని క్రాకెన్‌కు ఇంకో పేరుగా కొట్టిపారేశారు. 2011లో కెనడా పడమటి తీరంలో హంప్‌బ్యాక్ తిమింగిలాలు అచ్చం ఇలాగే మేయడం కంటపడింది. థాయ్‌లాండ్ సింధుశాఖలో బ్రైడ్స్ తిమింగిలాలదీ అదే తీరు. నిలువుగా నిలబడి, కింది దవడ నీటి అంచుకు దించి ఆగితే, తరుముతున్న శత్రువుల నుంచి పారిపోయే చిన్న చేపలు ఆ గుంటను దాక్కునే చోటనుకుని దూకుతాయి. పాత రాతలకూ ఈ మేతకూ ఉన్న పోలికను 2023లో ఆస్ట్రేలియా పరిశోధకులు బయటపెట్టారు. ఏడువందల ఏళ్ల కిందటి వాళ్లు చూసింది చూసినట్టే రాశారన్నమాట.

మాట వచ్చింది కాబట్టి: మన భాషలోని తిమింగిలం కూడా పుట్టుకతో రాక్షసే. తిమి అంటే మహామత్స్యం, దాన్ని మింగేది తిమింగిలం. దాన్నీ మింగేదానికి తిమింగిలగిలం అని ఇంకో పేరు ఉంది. అసలు తిమింగిలాన్ని చూశాక ఆ పేరు దానికి స్థిరపడిపోయింది.

ఓర్‌ఫిష్ కనిపిస్తే భూకంపం వస్తుందా?

రాదు. తెడ్డులాంటి రెక్కలు, తల మీద ఎర్రటి కుచ్చు, వెండి పట్టీలాంటి ఒళ్లు ఉన్న ఈ చేప 8 మీటర్ల దాకా పెరుగుతుంది. సముద్ర సర్పం కథల్లో దీనికీ వాటా ఉంది. జపాన్‌లో దీన్ని సముద్రదేవుడి కోట నుంచి వచ్చే దూత అంటారు. 2019లో జపాన్ పరిశోధకులు 1928 నుంచి 2011 దాకా లోతు చేపలు కనిపించిన 336 సందర్భాలను, 221 భూకంపాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే ఒక్కటి జత కుదిరింది. సాధారణంగా పైకి వచ్చే ఓర్‌ఫిష్ జబ్బుపడిందో చావుకు దగ్గరపడిందో అయి ఉంటుంది.

పొడవాటి మెడ, చిన్న తల ఉన్న కళేబరాలు దొరికాయి. అవి డైనోసార్ల కాలం నాటివి కావా?

బాస్కింగ్ షార్క్ అనే పెద్ద సొరచేప కుళ్లే క్రమం తెలిస్తే ఈ చిక్కు విడిపోతుంది. దాని అస్థిపంజరం ఎముక కాదు, మృదులాస్థి. తలకు రెండు పక్కలా పెద్ద పెద్ద మొప్పల కమానులు, కింద దవడ వదులుగా వేలాడుతుంటాయి. ముందు ఊడిపోయేవి అవే. అవి పోగానే మిగిలేది చిన్న పెట్టెలాంటి పుర్రె, దాని వెనక సన్నటి వెన్ను. అదే మెడలా కనిపిస్తుంది. సొర వెన్నుపూస తోక పై భాగంలోకే పోతుంది కాబట్టి కింది భాగం ఊడిపోయి, పాము తోకలాంటిది మిగులుతుంది. వీపు రెక్క చివికితే లోపలి నారపోగులు బయటపడి జూలులా వేలాడతాయి. మగదైతే పొట్ట కింది రెండు జననాంగాలు అదనపు కాళ్లలా ఉంటాయి. 1808లో ఆర్క్‌నీ దీవుల్లోని స్ట్రాన్సేలో దొరికినదానికి ఆరు కాళ్లని రాశారు. నాలుగు రెక్కలు, ఆ రెండు కలిస్తే ఆరు.

1977 ఏప్రిల్ 25న న్యూజిలాండ్ దగ్గర జుయియో మారు అనే జపాన్ పడవ వలలో పడ్డ పది మీటర్ల కళేబరం కథా ఇదే. కంపుకు మిగతా చేపలు పాడవుతాయని దాన్ని తిరిగి సముద్రంలోకి వదిలేశారు. అయితే పడవలో ఉన్న ఒక ఉద్యోగి వదిలేముందు ఫొటోలు తీసి, రెక్క నుంచి 42 నారపోగులు తీసి దాచాడు. ఫొటోలు చూసి ప్లీసియోసార్ (డైనోసార్ల కాలపు పొడవాటి మెడ సముద్ర సరీసృపం) అని గోల చేసిన వాళ్లకు ఆ పోగులే జవాబు చెప్పాయి. వాటిలోని అమైనో ఆమ్లాల పాళ్లు బాస్కింగ్ షార్క్ పోగులతో దాదాపు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి.

తలా తోకా లేని ముద్ద ఒడ్డుకొస్తే?

తిమింగిలం. 2003లో చిలీ తీరానికి 12 మీటర్ల పొడవు, 13 టన్నుల బరువున్న ముద్ద కొట్టుకొచ్చినప్పుడు రాక్షస ఆక్టోపస్ అన్నారు. మరుసటి ఏడాది డీఎన్ఏ పరీక్షలో స్పెర్మ్ తిమింగిలమని తేలింది. ఎముకలు జారి మునిగిపోయాక, చర్మం కింది కొవ్వు పొరలోని కొలాజెన్ పోగుల సంచి ఒక్కటే తేలుతూ మిగులుతుంది. కొవ్వు కరిగి కారిపోతుంది, తెల్లటి పీచు ఉండిపోతుంది.

గుర్తుపట్టలేని కళేబరం కనిపిస్తే ఏం చేయాలి?

ముందు గాలి వీచే వైపు నుంచి వెళ్లండి, కంపు కోసమే కాదు. ఉబ్బిన తిమింగిలం పొట్టలో వాయువు నిండి ఉంటుంది, పొడిస్తే పేలుతుంది. పొట్ట వైపు నిలబడొద్దు, ఏదీ గుచ్చొద్దు. సముద్ర క్షీరదాల నుంచి మనుషులకు అంటే జబ్బులున్నాయి కాబట్టి చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.

ఫొటోలు పక్క నుంచి, ఒంటికి లంబంగా నిలబడి తీయండి. ఏటవాలుగా తీస్తే దగ్గరున్న కొస పెద్దగా వచ్చి కొలత చెడుతుంది. ప్రతి ఫొటోలో పొడవు తెలిసిన వస్తువు ఉండాలి, అది కళేబరానికి ఆనించి ఉండాలి, దాని ముందు కాదు. మనిషిని నిలబెడితే అతను కళేబరానికి రెండు మీటర్లు వెనక నిలబడ్డా అది ఎంతో పెద్దగా కనిపిస్తుంది. తల, నోటి లోపల, పళ్లు, రెక్కల మొదళ్లు, తోక విడివిడిగా తీయండి. తోక నిలువుగా ఉంటే చేప, అడ్డంగా ఉంటే సముద్ర క్షీరదం, ఎక్కువగా తిమింగిలమో డాల్ఫినో.

ఆ తర్వాత అటవీ లేదా మత్స్య శాఖకు చెప్పండి. చాలా దేశాల్లో రక్షిత జాతుల ముక్క కోయడానికి అనుమతి కావాలి. అనుమతి ఉన్నవాళ్లు కోసేటప్పుడు బఠాణీ గింజంత మాంసం చాలు. ఎండకు ఆరని లోపలి భాగం నుంచి తీసి, దానికి పదింతలు 95 శాతం ఇథనాల్ పోసి మూత పెట్టాలి. ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు: పాతకాలపు అలవాటుగా ఫార్మలిన్‌లో వేస్తారు. ఫార్మలిన్ ఆకారాన్ని కాపాడుతుంది గానీ డీఎన్ఏను తెగ్గొడుతుంది. ఇథనాల్ లేకపోతే ఫ్రీజర్‌లో పెట్టడం మేలు.

బ్లూప్ శబ్దం ఏ జంతువుది?

జంతువుది కాదు, మంచుది. 1997లో అమెరికా సముద్ర సంస్థ నోవా నీటిలో పెట్టిన మైకులకు, ఒకదానికొకటి 5,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నవాటికి కూడా, ఇది వినిపించింది. ఆ తర్వాతి ఏళ్లలో అంటార్కిటికా మంచు పగిలి విడిపోయే చప్పుళ్లు రికార్డు చేస్తే వాటి తీరు దీనితో కలిసింది. ఇంటర్నెట్‌లో వినిపించే "బ్లూప్" 16 రెట్లు వేగం పెంచినది. అసలు వేగంలో వింటే గొంతులా అనిపించదు, దూరపు ఉరుములా ఉంటుంది.

మరియానా అగాధం దగ్గర 2014లో రికార్డయిన "బయోట్వాంగ్" మాత్రం జంతువుదే. బ్రైడ్స్ తిమింగిలం అరుపని 2024లో తేలింది.

మెగలొడాన్ ఇంకా బతికే ఉందా?

లేదు. ఈ రాక్షస సొరచేప దాదాపు 36 లక్షల ఏళ్ల కిందటే అంతరించింది. సొరచేపలు జీవితకాలంలో వేల పళ్లు రాలుస్తాయి. బతికి ఉంటే అరచేయంత తాజా పళ్లు సముద్రపు నేల మీద, కాట్లు తిమింగిలాల ఒంటి మీద కనపడాలి. 1870లలో చాలెంజర్ అనే పరిశోధన నౌక సముద్రపు నేల నుంచి తీసిన పళ్లు పదీ ఇరవై వేల ఏళ్లవేనని ఒక వాదన ఉంది. అది వాటి మీద పేరుకున్న మాంగనీస్ మందం బట్టి వేసిన లెక్క. ఆ పేరుకునే వేగం చోటుకో రకంగా ఉంటుంది, కాబట్టి ఆ లెక్క నిలబడదు. అగాధంలో దాక్కుందనడం మరీ అన్యాయం. అది వెచ్చటి నీటిలో తిమింగిలాల్ని తిని బతికిన జంతువు, అగాధంలో రెండూ లేవు.

సీలకాంత్ కూడా అంతరించిందనే అన్నారుగా?

న్యాయమైన ప్రశ్నే. 1938లో దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్‌లో మార్జొరీ కోర్టనే-లాటిమర్ జాలర్ల చేపల కుప్పలో దాన్ని గుర్తించేదాకా 6.6 కోట్ల ఏళ్ల కిందటే పోయిందనుకున్నారు. అయితే సీలకాంత్ ఒకటిన్నర, రెండు మీటర్ల చేప, రాతి గుహల్లో పగలంతా నిద్రపోతుంది, పైకి రానవసరం లేదు. ప్లీసియోసార్ లాంటి సరీసృపం గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు. 2,992 మీటర్లు మునిగే కువియర్ ముక్కు తిమింగిలమే పైకి వచ్చి తీరాలి.

ఇంకా పేరు పెట్టని పెద్ద జీవులు ఉన్నాయా?

ఉన్నాయి. రెండు మీటర్లు దాటే సముద్ర జంతువులు ఇంకా 47 దాకా బయటపడాల్సి ఉండొచ్చని 1998లో చార్లెస్ పాక్స్టన్ అంచనా వేశాడు. 1976లో హవాయి దగ్గర నౌక లంగరుకు చిక్కుకుని దొరికిన మెగామౌత్ సొర నాలుగు మీటర్లకు పైనే ఉంది, అప్పటిదాకా అలాంటిది ఉందని ఎవరికీ తెలియదు. సముద్రపు లోతు నేలలో మనిషి కళ్లారానో కెమెరాతోనో చూసింది 0.001 శాతం కూడా లేదని 2025 నాటి లెక్క.

పారపంటి తిమింగిలం అని ఒకటుంది. 1874లో ఒక దవడ ఆధారంగా దీన్ని వర్ణించారు. పూర్తి శరీరం దొరకడానికి 2010 దాకా పట్టింది. 2024లో న్యూజిలాండ్‌లో కొట్టుకొచ్చినది ఏడోది. సముద్రంలో ప్రాణంతో దాన్ని చూసినట్టు రుజువు లేదు. అలాగే మాగ్నపిన్నా స్క్విడ్: మోచేయి ఉన్నట్టు మడిచిన చేతుల్ని దారాల్లా కిందికి వదిలి చీకట్లో వేలాడుతుంటుంది. 2007లో మెక్సికో సింధుశాఖలో చమురు బావి దగ్గర 2,386 మీటర్ల లోతున, 2021లో ఫిలిప్పీన్ అగాధంలో 6,212 మీటర్ల దగ్గర కెమెరాకు చిక్కింది. పెరిగిన మాగ్నపిన్నా ఒక్కటి కూడా చేతికి దొరకలేదు.

చివరి ప్రశ్న: జెయింట్ స్క్విడ్‌ను తినొచ్చా?

అది నీటిలో తేలడానికి ఒంట్లో అమ్మోనియం క్లోరైడ్ నింపుకుంటుంది. చచ్చాక పైకి తేలి ఒడ్డుకు రావడానికీ కారణం అదే. నోట్లో పెట్టుకుంటే అమ్మోనియా ఘాటే.